డెస్క్‌టాప్ వ్యూలో సొంత గ్రిడ్: ఇమిడ్చే పద్ధతులపై సమీక్ష

డెస్క్‌టాప్ అప్లికేషన్‌లో గ్రిడ్ అంటే అడ్డు వరుసలు, నిలువు వరుసలుగా గడులు కట్టి సమాచారాన్ని చూపే, అక్కడికక్కడే మార్చనిచ్చే కంట్రోల్. ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్, బ్యాంకు బ్యాక్ ఆఫీసు, షేర్ల ట్రేడింగ్ టెర్మినల్, గోదాములో సరుకు లెక్క, ఇలా రోజంతా ఒకే స్క్రీన్ ముందు కూర్చుని పనిచేసే ప్రతిచోటా ఆ స్క్రీన్‌లో ఎక్కువ భాగం గ్రిడ్‌దే. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తెచ్చిన విసికాల్క్‌తో గడుల పట్టిక కంప్యూటర్ తెర మీదికొచ్చింది. అప్పటి నుంచి వ్యాపార సాఫ్ట్‌వేర్ ఆ రూపాన్ని వదిలిపెట్టలేదు.

విండోస్‌తో వచ్చే సిద్ధమైన కంట్రోళ్లు ఈ అవసరాన్ని కొంతవరకే తీరుస్తాయి. లిస్ట్ వ్యూ కంట్రోల్ వరుసలను చూపగలదు కానీ మొదటి కాలమ్‌లో తప్ప టైప్ చేయనివ్వదు. రెండు కాలమ్‌లను ఎడమవైపు కదలకుండా నిలిపి మిగతావాటిని జరపడం, గడులను కలపడం, ఒక్కో గడిలో ఒక్కో రకం ఎడిటర్ పెట్టడం దాని వల్ల కాదు. అందుకే ఎన్నో టీములు గ్రిడ్‌ను సొంతంగా రాసుకుంటాయి, లేదా కొని తమకు తగ్గట్టు మార్చుకుంటాయి. అలా తయారైన గ్రిడ్ చిన్న టెస్ట్ ప్రోగ్రామ్‌లో బాగానే నడుస్తుంది. అసలు అప్లికేషన్ వ్యూలోకి, అంటే డేటాను చూపే విండోలోకి, వచ్చాక తెర మినుకుమినుకుమంటుంది, బాణం కీలు పలకవు, మెనూలో కాపీ మసకబారి కనిపిస్తుంది, విండో మూసేటప్పుడు ప్రోగ్రామ్ కూలిపోతుంది. ఈ లోపాల్లో చాలావాటికి కారణం గ్రిడ్ లోపలా ఉండదు, వ్యూ లోపలా ఉండదు. రెండూ కలిసే అతుకులో ఉంటుంది. పరిమాణం ఎవరు నిర్ణయించాలి, తెరలో ఏ భాగం ఎవరు గీయాలి, కీబోర్డు ఎవరి చేతిలో ఉండాలి, మెనూ ఆదేశం ఎవరికి చేరాలి, డేటా ఎవరి దగ్గర ఉండాలి, ముందు ఎవరు నిష్క్రమించాలి అనే ఆరు విషయాలు ముందే తేలకపోతే ఎంత మంచి గ్రిడ్ అయినా వ్యూలో ఇమడదు.

ఇమిడ్చే ఆలోచన, తెలుగు ఇంజినీర్లు

ఒక విండోలో మరో విండో ఉండటం, ప్రతిదానికీ సొంత హ్యాండిల్, తనకొచ్చే మెసేజ్‌లను చూసుకునే సొంత ప్రొసీజర్ ఉండటం 1985లో విడుదలైన విండోస్ మొదటి వెర్షన్ నుంచీ ఉన్న ఏర్పాటే. ఆ విండోస్‌ను నిర్మించిన చిన్న బృందంలో రావు రేమల ఒకరు. 1981లో చేరిన ఆయన మైక్రోసాఫ్ట్ తొలి భారతీయ ఉద్యోగిగా పేరుపొందిన తెలుగువాడు. బటన్, స్క్రోల్ బార్, ఎడిట్ పెట్టె అన్నీ ఈ ఏర్పాటులో చైల్డ్ విండోలే. సొంత గ్రిడ్ కూడా అంతే. ఒక విండో క్లాస్‌ను నమోదు చేసి, దాని పేరుతో పేరెంట్ లోపల చైల్డ్ విండోను సృష్టిస్తే గ్రిడ్ పుడుతుంది.

చైల్డ్ విండో ఒకే ప్రోగ్రామ్‌లోని భాగాలకు సరిపోయింది. వేరే కంపెనీ రాసిన, వేరే ప్రోగ్రామ్‌కు చెందిన వస్తువును తెచ్చి మన పత్రంలో కూర్చోబెట్టాలంటే అది చాలదు. ఇందుకోసం మైక్రోసాఫ్ట్ 1990లో తెచ్చిన ఓఎల్ఈ మొదటి వెర్షన్‌లో పత్రంలోని పట్టిక బొమ్మలా కనిపించేది. దాన్ని డబుల్ క్లిక్ చేస్తే పట్టిక వేరే విండోలో తెరుచుకునేది. 1993 నాటి ఓఎల్ఈ 2 ఈ పద్ధతిని మార్చేసింది. వర్డ్ పత్రంలోని ఎక్సెల్ పట్టికను డబుల్ క్లిక్ చేస్తే అక్కడే గడులు తెరుచుకుంటాయి, వర్డ్ మెనూల్లో ఎక్సెల్ మెనూలు కలుస్తాయి, బయట క్లిక్ చేస్తే పాత మెనూలు తిరిగొస్తాయి. ఈ పద్ధతికి మైక్రోసాఫ్ట్ పొందిన అమెరికా పేటెంట్‌లో ఆవిష్కర్తలుగా టోనీ విలియమ్స్ తదితరులతోపాటు శ్రీనివాస కొప్పోలు, రావు రేమల పేర్లున్నాయి. పరాయి గ్రిడ్ ఒకటి మరో అప్లికేషన్ తెరలో బతకడానికి కావలసిన మర్యాదలన్నీ ఆ పనిలోనే ఖరారయ్యాయి. నీకు ఇచ్చే చోటు ఇంత అని చోటిచ్చే అప్లికేషన్, అంటే హోస్ట్, చెబుతుంది, నాకు ఇంత కావాలని వస్తువు అడుగుతుంది. మెనూలో ఏ భాగం ఎవరిదో పంచుకుంటారు. ఫోకస్ వచ్చినప్పుడు ఒకరు, పోయినప్పుడు ఇంకొకరు కబురు చేస్తారు. ఇప్పటి ప్రతి ఫ్రేమ్‌వర్క్ ఈ సంభాషణనే వేరే పేర్లతో నడుపుతోంది.

ఆ శ్రీని కొప్పోలే తర్వాత హైదరాబాద్‌లో మైక్రోసాఫ్ట్ ఇండియా డెవలప్‌మెంట్ సెంటర్‌కు సారథి అయ్యారు. ఆ సెంటర్ 1998లో మొదలైంది.  హైటెక్ సిటీలోని ఆ సెంటర్ చేతి మీదుగా వచ్చిన ఉత్పత్తుల్లో విజువల్ జె షార్ప్ ఒకటి. జావా రాయడం తెలిసినవాళ్లు డాట్‌నెట్‌లో పనిచేయడానికి 2002లో విడుదలైన భాష అది. ఆ తర్వాత పాత జావా ఆప్లెట్‌లను డాట్‌నెట్ మీద నడిచే కంట్రోళ్లుగా మార్చి బ్రౌజర్ పేజీలో ఇమిడ్చే జె షార్ప్ బ్రౌజర్ కంట్రోల్స్ కూడా వచ్చాయి. ఒక లోకంలో పుట్టిన కంట్రోల్‌ను మరో లోకపు తెరలో నిలబెట్టే పనికి ఇది హైదరాబాద్‌లోనే జరిగిన నికరమైన ఉదాహరణ. విజువల్ స్టూడియో 2005 వరకు జె షార్ప్ ఉంది, 2008లో లేదు. భాష పోయినా అది పరిష్కరించిన సమస్య పోలేదు. పాత కంట్రోళ్లతో నడిచే స్క్రీన్లను కొత్త ఫ్రేమ్‌వర్క్‌లోకి మార్చే మైగ్రేషన్ ప్రాజెక్టులు మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో ఇంకా సాగుతూనే ఉన్నాయి.

ఎంఎఫ్‌సీ వ్యూలో గ్రిడ్

సమస్యను దగ్గర నుంచి చూడటానికి మైక్రోసాఫ్ట్ సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ అయిన ఎంఎఫ్‌సీ ఇప్పటికీ ఉత్తమమైన చోటు. ఇక్కడ ఏదీ దాగి ఉండదు, ప్రతి మెసేజ్‌కూ జవాబు ప్రోగ్రామర్ రాయాల్సిందే. డేటా డాక్యుమెంట్‌లో, దాన్ని చూపే పని వ్యూలో అన్న విభజన 1993 నాటి ఎంఎఫ్‌సీ 2తో స్థిరపడింది. దీనికి గ్రిడ్ కావాలన్నవాళ్లలో చాలామంది క్రిస్ మాండర్ సోర్స్‌తో సహా ఉచితంగా ఇచ్చిన ఎంఎఫ్‌సీ గ్రిడ్ కంట్రోల్‌ను ఆశ్రయించారు. డబ్బు పెట్టగలిగినవాళ్లు స్టింగ్‌రే ఆబ్జెక్టివ్ గ్రిడ్ కొన్నారు. మాండర్ గ్రిడ్‌ను డైలాగ్‌లో వాడటం తేలిక, అక్కడ దాని చోటు ముందే గీసి ఉంటుంది. వ్యూలో మాత్రం అన్నీ చేత్తో అమర్చాలి.

గ్రిడ్‌ను వ్యూ క్లాస్‌లో ఒక మెంబర్‌గా పెట్టి, వ్యూ విండో ఏర్పడ్డాక దాని చైల్డ్‌గా సృష్టించాలి. చాలామంది ఈ పనిని ఇనీషియల్ అప్‌డేట్ ఫంక్షన్‌లో చేస్తారు, అప్పటికి డాక్యుమెంట్ సిద్ధంగా ఉంటుంది కాబట్టి. ఒకే డాక్యుమెంట్ తెరిచే ఎస్‌డీఐ అప్లికేషన్లలో దీనివల్ల ఒక చిక్కు వస్తుంది. కొత్త ఫైల్ తెరిచినప్పుడు ఫ్రేమ్‌వర్క్ పాత వ్యూనే తిరిగి వాడుతూ అదే ఫంక్షన్‌ను మళ్లీ పిలుస్తుంది. గ్రిడ్‌కు హ్యాండిల్ ఉందా లేదా అని చూడకుండా మళ్లీ సృష్టించబోతే మొదటి ఫైల్‌తో బాగున్న ప్రోగ్రామ్ రెండో ఫైల్ దగ్గర అసర్షన్‌తో ఆగిపోతుంది. విండో పరిమాణం మారిందన్న మెసేజ్‌కూ ఇదే జాగ్రత్త కావాలి. ఆ మెసేజ్ మొదటిసారి వచ్చేసరికి వ్యూ ఉంటుంది, గ్రిడ్ ఇంకా పుట్టి ఉండదు. హ్యాండిల్ ఉన్నప్పుడు మాత్రమే గ్రిడ్‌ను వ్యూ లోపలి కొలతకు సాగదీయాలి.

మినుకు సంగతి ఇక్కడే తేలుతుంది. విండోను లాగి పెద్దది చేస్తుంటే వ్యూ ముందు తన నేపథ్యాన్ని తెల్లగా తుడుస్తుంది, దాని మీద గ్రిడ్ మళ్లీ గీస్తుంది. కంటికి కనిపించే మినుకు ఆ తెలుపే. వ్యూ మొత్తాన్ని గ్రిడ్ కప్పేసినప్పుడు వ్యూ తుడవాల్సింది ఏమీ ఉండదు కనుక నేపథ్యం తుడిచే మెసేజ్‌కు, ఏమీ చేయకుండానే, చేశానని జవాబివ్వాలి. పేరెంట్‌కు క్లిప్ చిల్డ్రన్ స్టైల్ పెడితే చైల్డ్ ఉన్న చోట అది గీయదు. గ్రిడ్ కూడా నేరుగా తెర మీద కాకుండా మెమరీలోని బిట్‌మ్యాప్ మీద గీసి ఒక్కసారిగా తెర మీదికి పంపాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా మినుకు మిగిలే అవకాశం ఉంది. మూడోదానిలో రోజులు గడిపి మొదటిదాన్ని మరిచిపోయే టీములే ఎక్కువ.

మెనూ ఆదేశాలు గ్రిడ్‌కు వాటంతట అవి చేరవు. ఎంఎఫ్‌సీలో ఆదేశం వ్యూకు, అక్కడి నుంచి డాక్యుమెంట్‌కు, తర్వాత ఫ్రేమ్‌కు వెళ్తుంది. చైల్డ్ కంట్రోల్‌ను ఎవరూ అడగరు. అందుకే కాపీ, పేస్ట్ గ్రిడ్‌లో రాసి ఉన్నా మెనూలో మసకగానే ఉంటాయి. వ్యూ తన ఆదేశాల ఫంక్షన్‌లో ముందు గ్రిడ్‌ను అడిగి, అది కాదంటేనే పాత దారిన పంపాలి. అలాగే వ్యూకు ఫోకస్ వచ్చిన వెంటనే దాన్ని గ్రిడ్‌కు అందించాలి.

నిష్క్రమణ గురించి ఒక్క మాట చాలు. పేరెంట్ విండో పోయేటప్పుడు విండోసే చైల్డ్ విండోలను తీసేస్తుంది. గ్రిడ్ వ్యూలో మెంబర్‌గా ఉంటే ఇబ్బంది లేదు. విడిగా సృష్టించిన గ్రిడ్ తన చివరి మెసేజ్‌లో తనను తాను తొలగించుకునేలా రాసి ఉండి, వ్యూ డిస్ట్రక్టర్ కూడా దాన్నే తొలగిస్తే, ఒకే మెమరీని రెండుసార్లు విడిచిపెట్టినట్టవుతుంది. మూసేటప్పుడు కూలిపోయే ప్రోగ్రామ్‌లలో ముందుగా వెతకాల్సింది ఇదే.

గీత, డేటా, కీబోర్డు

కొత్తగా గ్రిడ్ రాసేవారికి ప్రతి గడిలో ఒక ఎడిట్ పెట్టె ఉంచుదామని తోస్తుంది. విండోస్ ఒక ప్రాసెస్‌కు మామూలుగా అనుమతించే యూజర్ హ్యాండిళ్లు 10,000. వెయ్యి వరుసలు, ఇరవై కాలమ్‌ల పట్టికకు 20,000 విండోలు కావాలి. సగం దారిలోనే సృష్టి ఆగిపోతుంది. కాబట్టి గ్రిడ్ మొత్తానికి ఒకే విండో ఉండాలి, కంటికి కనిపించే గడులను మాత్రమే అది గీయాలి, ఎడిట్ పెట్టె ఒక్కటే ఉండి ఏ గడిలో టైప్ చేస్తుంటే దాని మీదికి జరగాలి. మంచి గ్రిడ్లన్నీ లోపల ఇలాగే ఉంటాయి.

డేటాకూ ఇదే నియమం. ఎక్సెల్ 2003లో ఒక షీట్‌కు 65,536 వరుసలు. 2007లో అవి 10,48,576 అయ్యాయి. అన్ని వరుసలు కావాలని వాడేవారు ఆశించడం అప్పటి నుంచి మామూలైంది. అంత డేటాను గ్రిడ్ తనలోకి కాపీ చేసుకుంటే డాక్యుమెంట్‌లో ఒకటి, గ్రిడ్‌లో ఒకటి రెండు ప్రతులు తయారై, ఏది నిజమో తెలియని స్థితి వస్తుంది. తనకు కావలసిన గడి విలువను అవసరమైనప్పుడే హోస్ట్‌ను అడగడం సరైన పద్ధతి. లిస్ట్ వ్యూలో ఓనర్ డేటా స్టైల్, డాట్‌నెట్ 2 డేటాగ్రిడ్‌వ్యూలో వర్చువల్ మోడ్ ఇందుకోసమే వచ్చాయి. అయితే వర్చువల్ మోడ్ పెట్టి, కాలమ్ వెడల్పును అన్ని గడులకూ సరిపోయేలా అదే చూసుకోవాలని కూడా సెట్ చేస్తే, కొలవడానికి గ్రిడ్ ప్రతి వరుసనూ అడిగి తీరుతుంది. కష్టపడి ఆదా చేసింది అక్కడ పోతుంది. కనిపించే గడులను మాత్రమే కొలవమనాలి.

స్క్రోల్ బార్‌లో పాతకాలపు ఉచ్చు ఒకటుంది. అందులోని దిమ్మెను లాగుతున్నప్పుడు వచ్చే మెసేజ్‌లో స్థానం 16 బిట్లలోనే ఉంటుంది, అంటే 65,535 దాటదు. లక్ష వరుసల గ్రిడ్‌లో దాన్నే నమ్మితే దిమ్మె కిందికి లాగుతుంటే పట్టిక ఒక్కసారిగా పైకి దూకుతుంది. మెసేజ్‌లోని అంకెను వదిలేసి, స్క్రోల్ సమాచారాన్ని విడిగా అడిగి 32 బిట్ల స్థానాన్ని తీసుకోవాలి. వెయ్యి వరుసలతో టెస్ట్ చేసినంత కాలం ఈ బగ్ బయటపడదు.

ట్రేడింగ్ తెరల్లో ధరలు సెకనులో ఎన్నోసార్లు మారతాయి. ప్రతి మార్పుకూ గడిని గీయడం అనవసరం, కన్ను అంత వేగాన్ని పట్టదు. డేటా తెచ్చే థ్రెడ్ మారిన గడులను గుర్తు పెట్టుకుంటూ పోవాలి, తెర థ్రెడ్ ఒక టైమర్ మీద వాటన్నిటినీ కలిపి గీయాలి. వేరే థ్రెడ్ నుంచి నేరుగా గ్రిడ్‌ను తాకడం అప్పుడప్పుడు మాత్రమే కనిపించే బగ్గులకు మూలం. వాటిని పట్టుకోవడం కంటే రాకుండా చూసుకోవడమే మేలు.

కీబోర్డు సంగతి మరీ ముఖ్యం, ఎందుకంటే రోజంతా ఎంట్రీ చేసేవారు మౌస్ ముట్టరు. గ్రిడ్ డైలాగ్‌లోనో, డైలాగ్ ఆధారంగా నడిచే ఫారమ్ వ్యూలోనో ఉంటే ట్యాబ్, బాణం కీలను డైలాగ్ మధ్యలోనే అందుకుని పక్క కంట్రోల్‌కు వెళ్లిపోతుంది. ఏ కీలు కావాలని విండోస్ అడిగే మెసేజ్‌కు గ్రిడ్ బాణాలు, ట్యాబ్ తనకే కావాలని జవాబు చెప్పాలి. ట్యాబ్ పూర్తిగా తీసేసుకుంటే గ్రిడ్ నుంచి బయటపడే దారి ఉండదు కనుక, చివరి గడి దాటాక ఫోకస్‌ను తర్వాతి కంట్రోల్‌కు వదలాలి. గడిలో టైప్ చేస్తుండగా ఎస్కేప్ నొక్కితే పాత విలువ రావాలి. ఫోకస్ బయటికి పోతే కొత్త విలువ నిలవాలా, రద్దవాలా అన్నది మాత్రం ప్రోగ్రామర్ ఇష్టానికి వదిలే విషయం కాదు. బిల్లింగ్ తెరలో సేవ్ బటన్‌ను మౌస్‌తో నొక్కినప్పుడు చివరి గడి విలువ చేరకపోతే తప్పు బిల్లు వెళ్తుంది. టూల్‌బార్ బటన్లు ఫోకస్‌ను తీసుకోవు కాబట్టి, అక్కడి సేవ్ ఆదేశం నడిచే ముందు సగంలో ఉన్న ఎడిట్‌ను ముగించమని వ్యూయే గ్రిడ్‌కు చెప్పాలి.

యాక్టివ్ఎక్స్ నుంచి వెబ్ పేజీ దాకా

విజువల్ బేసిక్ ఈ పనిని సామాన్య ప్రోగ్రామర్‌కు అందుబాటులోకి తెచ్చింది. గ్రిడ్‌ను పెట్టెలోంచి లాగి ఫారమ్ మీద వదిలితే చాలు. వీబీఎక్స్, ఆ తర్వాత ఓసీఎక్స్, 1996 నుంచి యాక్టివ్ఎక్స్ పేర్లతో కంట్రోళ్ల మార్కెట్ ఒకటి పెరిగింది. ఎంఎస్ ఫ్లెక్స్‌గ్రిడ్ చూడని బేసిక్ ప్రోగ్రామర్ ఆ రోజుల్లో లేడు. విజువల్ బేసిక్ 6 తయారీ సాధనానికి మద్దతు 2008లో ముగిసినా, దానితో రాసిన అప్లికేషన్లు ఇంకా నడుస్తున్నాయి. వాటిని డాట్‌నెట్‌కు మార్చేటప్పుడు పాత గ్రిడ్‌ను చుట్టి ఫారమ్ మీద నిలబెట్టే తొడుగు అందుబాటులో ఉంది. ఆ తొడుగు దాటలేని గోడ ఒకటే. 32 బిట్ల ఓసీఎక్స్ 64 బిట్ల ప్రాసెస్‌లో లోడ్ కాదు. 2021లో వచ్చిన విజువల్ స్టూడియో 2022 తానే 64 బిట్ల ప్రోగ్రామ్ కావడంతో డిజైనర్‌లో అలాంటి కంట్రోళ్లు తెరుచుకోక టీములు ఇబ్బంది పడ్డాయి. పాత గ్రిడ్‌ను మోసుకుపోవడం తాత్కాలిక ఉపశమనమే. మైగ్రేషన్ ప్లాన్‌లో దాన్ని మార్చే గడువు కూడా రాసి ఉండాలి.

విండోస్ ఫారమ్స్‌లో ఇమిడ్చడం రెండు వరుసల పని. గ్రిడ్‌ను ఫారమ్ కంట్రోళ్ల జాబితాలో చేర్చి, డాక్ గుణాన్ని ఫిల్ చేస్తే పరిమాణం సంగతి అదే చూసుకుంటుంది. 2002 నాటి డేటాగ్రిడ్‌కు బదులుగా 2005లో వచ్చిన డేటాగ్రిడ్‌వ్యూ ఎంతో మెరుగైనది. ఆ పాత డేటాగ్రిడ్‌ను 2019లో డాట్‌నెట్ కోర్ 3.1 నుంచి తీసేశారు కూడా. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో డాట్‌నెట్ నేర్చుకున్న తరానికి గ్రిడ్ అంటే డేటాగ్రిడ్‌వ్యూయే. ఈ సౌకర్యానికి ఒక నష్టం కూడా ఉంది. ఫ్రేమ్‌వర్క్ దాచిపెట్టిన మెసేజ్‌లు తెలియకపోతే సొంత కంట్రోల్ రాయాల్సి వచ్చినప్పుడు, పైన చెప్పిన ఆరు ప్రశ్నలు ఒకేసారి ఎదురవుతాయి.

డబ్ల్యూపీఎఫ్‌లో కథ వేరు. డాట్‌నెట్‌లోనే ఉన్న ఈ మరో ఫ్రేమ్‌వర్క్‌లో విండో మొత్తానికి ఒకే హ్యాండిల్, లోపలి బటన్లు, గడులు అన్నీ ఆ ఫ్రేమ్‌వర్క్ గీసే బొమ్మలే. దానిలో పాత విండోస్ ఫారమ్స్ గ్రిడ్‌ను హోస్ట్ చేస్తే ఆ దీర్ఘచతురస్రం పూర్తిగా గ్రిడ్ విండోది అవుతుంది. దాని మీద డబ్ల్యూపీఎఫ్ ఏదీ గీయలేదు, పారదర్శకత పనిచేయదు, తిప్పడం కుదరదు. లోడ్ అవుతోంది అని చూపే పలుచని తెర గ్రిడ్ వెనక్కి పోతుంది. ఎయిర్‌స్పేస్ సమస్యగా డెవలపర్లు చెప్పుకునేది ఇదే. ఒకే తెరలో రెండు గీసే యంత్రాలు ఉన్నంతకాలం దీనికి పూర్తి పరిష్కారం లేదు; హద్దులు తాకకుండా లేఅవుట్ వేసుకోవాలి. డబ్ల్యూపీఎఫ్‌కు సొంత డేటాగ్రిడ్ 2010లో డాట్‌నెట్ 4తో ప్రధాన ఫ్రేమ్‌వర్క్‌లో చేరింది. ఇటీవల వెబ్‌వ్యూ2తో డెస్క్‌టాప్ వ్యూలో ఏకంగా బ్రౌజర్‌ను పెట్టి, జావాస్క్రిప్ట్ గ్రిడ్‌ను నడిపే టీములు పెరిగాయి. ఫోకస్, కాపీ, ప్రింట్ విషయాల్లో అక్కడా అవే చర్చలు జరుగుతున్నాయి.

తెలుగు గడిలోకి వచ్చినప్పుడు

గ్రిడ్ సరిగ్గా రాశారో లేదో తేల్చే పరీక్ష తెలుగు డేటా. విండోస్‌లో తెలుగుకు పూర్తి మద్దతు 2001 నాటి ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో వచ్చింది. అక్షరాలను కలిపి ఒత్తులు, గుణింతాలు కుదిర్చే పని విండోస్‌లోని యూనిస్క్రైబ్‌ది. గ్రిడ్ మామూలు సిస్టమ్ ఫంక్షన్లతో మొత్తం పదాన్ని ఒకేసారి గీస్తే ఆ మేలు ఉచితంగా దక్కుతుంది. వేగం కోసమో, అక్షరాల మధ్య ఎడం కోసమో ఒక్కో సంకేతాన్ని విడిగా గీస్తే తెలుగు ముక్కలైపోతుంది.

పేరు కాలమ్‌లో లక్ష్మి అని ఉందనుకుందాం. చదివేవారికి అవి రెండక్షరాలు. యూనికోడ్‌లో అవి ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. కాలమ్ ఇరుకైనప్పుడు పేరును నాలుగు సంకేతాల దగ్గర తెంచి చుక్కలు పెట్టే గ్రిడ్‌లో లక్ష్మి కాస్తా లక్ష అవుతుంది. బిల్లులో, పింఛన్ల జాబితాలో మనిషి పేరు స్థానంలో ఒక సంఖ్య కనబడుతుందన్నమాట. తెంపడం ఎప్పుడూ అక్షరం హద్దు దగ్గరే జరగాలి, పిక్సెళ్లలో కొలిచాకే జరగాలి. సంకేతాల సంఖ్యను సగటు వెడల్పుతో గుణించి కాలమ్ వెడల్పు లెక్కకట్టే పాత చిట్కా తెలుగుకు అసలు పనికిరాదు.

ఎత్తు మరో ఇబ్బంది. ఇంగ్లిష్ ఫాంటుకు సరిపోయేలా ఖరారు చేసిన వరుస ఎత్తులో కింది ఒత్తులు తెగిపోతాయి. స్త్రీ, కృష్ణా, రాష్ట్రం లాంటి మాటల్లో కింది భాగం గడి గీత వెనక్కి పోయి చదవడానికి వీలు లేకుండా పోతుంది. వరుస ఎత్తును ఫాంటు నుంచే అడిగి తెలుసుకోవాలి. ఆ ఫాంటు పేరును కోడ్‌లో గట్టిగా రాసేయకూడదు. విండోస్ 8తో నిర్మల యూఐ వచ్చింది. విండోస్ 10లో గౌతమి విడిగా చేర్చుకోవాల్సిన ఐచ్ఛిక ఫాంట్ల జాబితాలోకి వెళ్లింది. గౌతమిని నమ్ముకున్న గ్రిడ్ కొత్త మెషీన్‌లో వేరే ఫాంటుతో, వేరే కొలతలతో తెరుచుకుంటుంది. డాట్‌నెట్‌లో కొలవడం ఒక పద్ధతిలో, గీయడం మరో పద్ధతిలో చేసినా చివరి అక్షరాలు తెగుతాయి. జీడీఐ ఆధారిత టెక్స్ట్ రెండరర్‌ను రెండు పనులకూ వాడటం మంచిది.

వెతకడం, వడపోత, వరుస పెట్టడంలో లోపం కంటికి కనబడదు కాబట్టి ఇంకా ప్రమాదం. సాఫ్ట్‌వేర్ అన్న మాటను కొందరు పొల్లు తర్వాత కలపకుండా ఉంచే అదృశ్య సంకేతంతో టైప్ చేస్తారు, కొందరు అది లేకుండా. సంకేతాలను యథాతథంగా పోల్చే గ్రిడ్‌లో ఫిల్టర్ పెడితే సగం వరుసలు మాయమవుతాయి. పోల్చే ముందు ఆ సంకేతాన్ని తీసేయాలి. యూనికోడ్‌కు ముందు అను ఫాంట్లలో టైప్ చేసి నిల్వ ఉంచిన పాత డేటా అయితే గడిలో చూపే ముందే యూనికోడ్‌కు మార్చుకోవాలి. అందులోని సంకేతాలు అసలు తెలుగువే కావు. మొత్తాల కాలమ్‌లో పన్నెండు లక్షలను 12,00,000గా చూపాలి, 1,200,000గా కాదు. విండోస్ ప్రాంతీయ సెట్టింగుల్లో ఈ అమరిక ఉంది, సొంత ఫార్మాట్ రాసుకున్న గ్రిడ్ దాన్ని పక్కనపెడుతుంది.

గడిలో టైప్ చేసే ఎడిటర్‌ను కూడా సొంతంగా రాయకూడదు. విండోస్ ఎడిట్ కంట్రోల్‌లో బ్యాక్‌స్పేస్ ఒక్కో సంకేతాన్నే చెరుపుతుంది, డిలీట్ మొత్తం అక్షరాన్ని తీసేస్తుంది, కర్సర్ అక్షరం మధ్యలో ఆగదు. తెలుగులో టైప్ చేసేవారికి అలవాటైన ఈ ప్రవర్తనను కొత్తగా రాసిన ఎడిటర్లు అరుదుగా అందుకుంటాయి.

మిగిలిన సంగతులు

రెండు మానిటర్ల మధ్య విండోను జరిపితే కొలతలు మారే కాలం ఇది. మానిటర్‌కో డీపీఐ విండోస్ 8.1తో వచ్చింది. ఆ మార్పు మెసేజ్ పైస్థాయి విండోకు చేరుతుంది కాబట్టి వరుస ఎత్తు, కాలమ్ వెడల్పు మళ్లీ లెక్కించమని హోస్ట్ గ్రిడ్‌కు చెప్పాలి. ప్రింట్ తీసేటప్పుడు తెర పిక్సెళ్లను కాగితానికి పెంచి పంపకుండా ప్రింటర్ కొలతల్లో మళ్లీ గీయాలి.

చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడర్‌కు సొంత గ్రిడ్ ఒక ఖాళీ దీర్ఘచతురస్రం. గడులు విండోలు కావు కనుక వాటి ఉనికి దానికి తెలియదు. స్క్రీన్ రీడర్లకు సమాచారమిచ్చే విండోస్ ఏర్పాటైన యూఐ ఆటోమేషన్‌లోని గ్రిడ్, టేబుల్ పద్ధతులను అమలు చేసి, ఏ వరుస, ఏ కాలమ్, ఏ శీర్షిక కింద ఏ విలువ ఉందో చెప్పాలి. కొన్న గ్రిడ్లలో దీనిపై ఎంతో కొంత పని జరిగి ఉంటుంది. సొంతంగా రాసినవాటిలో చాలావరకు అసలు ఉండదు. ఉద్యోగం చేసుకునే ఒక మనిషికి తన పని తెరే అందకుండా చేసే లోపం ఇది, తర్వాత చూద్దాం అనే జాబితాలోకి నెట్టదగింది కాదు.

కొనాలా, రాయాలా అన్న ప్రశ్నకు జవాబు కష్టం కాదు. డెవ్‌ఎక్స్‌ప్రెస్, ఇన్‌ఫ్రాజిస్టిక్స్, టెలెరిక్, సింక్‌ఫ్యూజన్ లాంటివి ఏళ్ల తరబడి సరిదిద్దుకున్న గ్రిడ్లు. మామూలు వ్యాపార తెరకు అవి చాలు, లైసెన్స్ ఖర్చు ఇంజినీర్ల నెలల జీతం కంటే తక్కువే పడుతుంది. అతి వేగంగా మారే ధరల పట్టిక, విచిత్రమైన గడి అమరిక, లేదా పాత సీ ప్లస్ ప్లస్ అప్లికేషన్‌కు అంటిపెట్టుకున్న అవసరం ఉన్నప్పుడే సొంత గ్రిడ్‌కు అర్థముంది. ఏ దారి పట్టినా అతుకు పని మాత్రం హోస్ట్ రాసే టీముదే, దాన్ని ఎవరూ అమ్మరు.

గ్రిడ్‌ను వ్యూలో పెట్టిన మొదటి రోజే నాలుగు పరీక్షలు జరిపి తీరాలి: లక్ష వరుసలు, మౌస్ లేకుండా పూర్తి ఎంట్రీ, స్క్రీన్ రీడర్‌తో ఒక వరుస చదవడం, పేరు కాలమ్ నిండా తెలుగు. హైదరాబాద్ టీముల్లో మొదటి మూడూ తెలిసినవారు ఎందరో ఉన్నారు, నాలుగోదాన్ని టైప్ చేయగలిగినవారు ప్రతి టీములోనూ ఉన్నారు. ఇక్కడి టెస్ట్ డేటాలో జాన్, మేరీల పక్కన లక్ష్మి, కృష్ణమూర్తి, స్వరాజ్యం కూడా తెలుగు లిపిలోనే ఉండాలి.